అతిథికీ అంతేవాసికీ నడుమ

తాను వెళ్ళిపోయే రోజు ముందే తెలిసినవాడికి, తానున్న చోటుతో ఎటువంటి సంబంధం ఉండాలి? వేదాంతులు ఈ ప్రశ్నను మానవ జీవితమంతటికీ అన్వయించి చర్చించారు. ఇక్కడి ఉద్దేశం అంత విస్తృతమైనది కాదు. ఒక సెమిస్టరు కాలం పరదేశంలో చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థి విషయంలో ఆ ప్రశ్న ఏ రూపం ధరిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం పని. సెమిస్టరు అనే మాటకు లాటిన్ మూలంలో ఆరు మాసాలది అని అర్థం. ఆరు మాసాలంటే చుట్టపుచూపుకు మరీ ఎక్కువ. కాపురానికి మరీ తక్కువ. చిక్కంతా ఆ నిడివిలోనే ఉన్నది.

చదువు కోసం సముద్రాలు దాటడం ప్రాచీనమైన సంగతే. కాని మాతృసంస్థలో విద్యార్థిగా ఉంటూనే కొద్ది మాసాలు మరొక దేశపు విద్యాలయంలో గడిపి, ఆ చదువును స్వదేశపు లెక్కలో జమ కట్టించుకొని తిరిగిరావడమనే ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దానిది. 1923లో అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయం ఎనిమిది మంది విద్యార్థులను ఫ్రాన్సుకు పంపింది. 1987లో ఐరోపా సముదాయం ఎరాస్మస్ పథకాన్ని ప్రారంభించినప్పుడు మొదటి ఏడు పదకొండు దేశాల మధ్య 3,244 మంది విద్యార్థులు అటూ ఇటూ వెళ్ళారు. మన దేశంలో 2020 నాటి జాతీయ విద్యావిధానం, ఆ తరువాత 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం చేసిన నిబంధనలు ఇటువంటి రాకపోకలకు దారి సుగమం చేశాయి. ఈ ఏర్పాట్లకు సంబంధించిన కాగితాలలో వీసా, బీమా, వసతి, క్రెడిట్ల బదిలీ మొదలైనవన్నీ ఉంటాయి. ఆ విద్యార్థి అక్కడ ఎవరు, అతనికీ ఆ ఊరికీ పరస్పరం ఉండే బాధ్యత ఏమిటి అన్నది మాత్రం వాటిలో కనిపించదు. అది కాగితానికి ఎక్కే విషయం కాదని అనవచ్చు. అయితే ఒకప్పుడు మన ఉపఖండంలో దానిని కాగితానికి, అంటే తాటియాకుకు, ఎక్కించినవారు ఉన్నారు. వారి ప్రస్తావన ముందుముందు వస్తుంది.

మన భాషలో ఇందుకు పనికివచ్చే మాటలు రెండున్నాయి. మొదటిది అతిథి. వచ్చే తిథి, పోయే తిథి నియతంగా లేనివాడు అతిథి అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. మనుస్మృతి ఇంకొంచెం కచ్చితంగా లెక్క కట్టి, ఒక్క రాత్రి మాత్రమే నిలిచేవాడిని అతిథి అన్నది. రెండవ మాట అంతేవాసి. గురువుకు చేరువలో నివసించేవాడని అర్థం. విద్యార్థికి ఇంత అందమైన పర్యాయపదం మరొకటి లేదనిపిస్తుంది. ఇందులో చదువు ప్రసక్తే లేదు, నివాసం ఒక్కటే ఉన్నది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో చదువు ముగించిన అంతేవాసికి ఆచార్యుడు చేసే ఉపదేశంలోనే, అతిథిని దేవునిగా చూడమన్న ప్రసిద్ధ వాక్యం ఉన్నది. ఆ వాక్యాన్ని మనం స్వాగత తోరణాల మీద రాసుకుంటున్నాము గాని, అది ఎవరిని ఉద్దేశించి చెప్పినదో మరచిపోయాము. కొంతకాలం పరుల ఇంట నివసించినవాడికి చెప్పిన మాట అది.

సెమిస్టరు విద్యార్థి ఈ రెండు మాటలలో దేనికీ పూర్తిగా ఒదగడు. అతనికి తిథి లేకపోవడమేమిటి? రాకకూ పోకకూ టిక్కెట్టు మీదనే తిథి ఉన్నది. ఒక్క రాత్రితో పోయేవాడూ కాడు. అలాగని పన్నెండేళ్ళు గురుకులంలో ఉండే అంతేవాసీ కాడు.

ఇటువంటివాడికి పెద్దలు సాధారణంగా ఇచ్చే సలహాలు రెండు. వెళ్ళిన చోటి వేషభాషలను అలవరచుకొని వారిలో ఒకడివి కమ్మని కొందరు. మన ఆచారాన్నీ ఆహారాన్నీ విడవక జాగ్రత్తగా వెళ్ళి జాగ్రత్తగా రమ్మని మరికొందరు. రెండూ ఆప్యాయతతో చెప్పినవే. కాని రెండు సలహాలూ ఆ విద్యార్థి అద్దంలో తనను తాను ఎలా చూసుకోవాలన్న దానికి సంబంధించినవే. అతడు వెళ్ళి నిలిచే ఊరు, అతడు తలుపు తెరిచే ఇల్లు, ఆ ఇంట్లో పైమెట్టు మీద ఉండే మనుషులు ఈ సలహాలలో ఎక్కడా లేరు.

ఇందుకు గాంధీజీ లండను విద్యార్థి జీవితం మంచి దృష్టాంతం. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కిన ఆ పద్దెనిమిదేళ్ళ యువకుడు తొలి రోజులలో మొదటి సలహాను అక్షరాలా పాటించాడు. బాండ్ స్ట్రీటులో పది పౌండ్లు పెట్టి సాయంకాలపు దుస్తులు కుట్టించుకున్నాడు. పొడుగు టోపీ కొన్నాడు. మూడు పౌండ్లు చెల్లించి నాట్యపు తరగతులలో చేరాడు; మరో మూడు పౌండ్లతో వయొలిన్ కొన్నాడు. ఈ వ్యామోహం మూడు నెలల పాటు నడిచిందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. మరోవైపు, తల్లికి ఇచ్చిన మాట ప్రకారం మాంసం ముట్టకుండా అర్ధాకలితో గడపడమంటే రెండవ సలహాను కూడా పాటిస్తున్నట్టే. అంటే ఒకే మనిషి ఒకే కాలంలో రెండు ఉపదేశాలనూ నెత్తికెత్తుకున్నాడు. రెండింటి వల్లా లండనులో కుదురుకోలేదు. ఆయన కుదురుకున్నది ఫారింగ్డన్ స్ట్రీటులో శాకాహార భోజనశాల కనబడి, అక్కడ హెన్రీ సాల్ట్ పుస్తకం కొని చదివి, క్రమంగా ఆ ఉద్యమంలో పనిచేయడం మొదలుపెట్టాక. లండను శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యుడైనాడు. తాను ఉంటున్న బేస్‌వాటర్ ప్రాంతంలో ఒక చిన్న క్లబ్బు పెట్టి, జోసియా ఓల్డ్‌ఫీల్డును అధ్యక్షునిగా, ఎడ్విన్ ఆర్నాల్డును ఉపాధ్యక్షునిగా పిలిచి, తాను కార్యదర్శి అయ్యాడు. ఆ క్లబ్బు కొద్ది నెలలకే మూతపడింది. అయినా సరే. ఇంటి నుంచి తెచ్చుకున్న నియమమే అక్కడి వారితో కలసి పనిచేయడానికి ఆయనకు దారి అయింది. కార్యదర్శి అంటే చిన్న పదవే కావచ్చు. కాని సమావేశం జరగాలంటే అతడు రావాలి. రాకపోతే ఇతరులకు ఇబ్బంది. ఒక ఊరిలో మనం కుదురుకున్నామా లేదా అన్నదానికి ఇంతకన్నా నమ్మదగిన గుర్తు నాకు తోచదు: మనం లేకపోతే అక్కడ ఎవరికైనా పని ఆగుతుందా?

ఇక ముందు చెప్పిన తాటియాకుల దగ్గరకు వస్తాను. బౌద్ధ వినయపిటకంలోని చుల్లవగ్గలో భిక్షువుల నడవడిని నిర్దేశించే ఒక అధ్యాయం ఉన్నది. అందులో ఒకే భిక్షువును సందర్భాన్ని బట్టి మూడు పేర్లతో పిలుస్తారు. కొత్తగా వచ్చినవాడు ఆగంతుకుడు. ఉంటున్నవాడు ఆవాసికుడు. బయలుదేరుతున్నవాడు గమికుడు. ముగ్గురికీ వేరువేరు విధులు చెప్పారు. ఆ విధులు చదువుతుంటే తత్త్వగ్రంథం చదువుతున్నట్టు ఉండదు. ఇల్లు కనిపెట్టుకొని ఉన్న పెద్దముత్తైదువ చెప్పినట్టు ఉంటుంది. ఆగంతుకుడు ఆరామంలోకి అడుగుపెట్టేటప్పుడు చెప్పులు విడవాలి, గొడుగు దించాలి. తాగే నీళ్ళు ఏవి, వాడుక నీళ్ళు ఏవి అని అడగాలి. తనకు ఏ గది వస్తుందో, భిక్షకు ఏ ఊళ్ళకు వెళ్ళవచ్చో, మరుగుదొడ్డి ఎక్కడో అడగాలి. సంఘం తనలో తాను చేసుకున్న కట్టుబాట్లు ఏమిటో, ఎప్పుడు లోపలికి రావాలో, ఎప్పుడు వెళ్ళాలో కూడా అడగాలి. చాలాకాలంగా ఎవరూ లేని గది అయితే తలుపు తట్టి, కాసేపు ఆగి, గడియ తీసి, బయట నిలబడే లోపలికి చూడాలి. దుమ్ము పట్టి ఉంటే శుభ్రం చేయాలి. కుండలో తాగే నీళ్ళు లేకపోతే తానే తెచ్చి నింపాలి.

చివరి విధిని మరొకసారి చూడవలసి ఉన్నది. వచ్చినవాడు దారి నడిచి అలసి వచ్చాడు. నీళ్ళు అడిగి తాగడానికి అతనికి హక్కు ఉన్నది. ఆ హక్కును ఎవరూ కాదనలేదు; కుండ ఎక్కడున్నదో చూపవలసిన బాధ్యత ఆవాసికునిది. అయినా కుండ ఖాళీగా ఉంటే నింపవలసినవాడు కొత్తవాడు కూడా. తొలిరోజునే హక్కూ బాధ్యతా ఒకే కుండ దగ్గర కలుసుకున్నాయి. ఎన్నాళ్ళు ఉంటావు అన్న ప్రశ్న ఆ కుండ దగ్గర రాలేదు. తాగేవాడు నింపుతాడు, అంతే.

ఈ నియమాలు నిజజీవితంలో ఎలా నడిచేవో చెప్పడానికి మనకు ఒక పరదేశీ విద్యార్థే సాక్షి. చీనా భిక్షువు ఇత్సింగ్ 671లో కాంటన్ రేవులో ఒక పారశీక వర్తకుల ఓడ ఎక్కి, ఇరవై రోజులు తిరగకుండానే సుమత్రా ద్వీపంలోని శ్రీవిజయ చేరుకున్నాడు. అక్కడ ఆరు మాసాలు ఆగి శబ్దవిద్య, అంటే సంస్కృత వ్యాకరణం, అభ్యసించాడు. చరిత్రలో లెక్కకు సరిగ్గా సరిపోయే సెమిస్టరు ఇది. ఆ ఆరు మాసాల విలువ ఆయనకు ఎంతగా తెలిసివచ్చిందంటే, భారతదేశానికి వెళ్ళదలచిన చీనా భిక్షువులు ముందుగా శ్రీవిజయలో ఒకటి రెండేళ్ళు ఉండి పద్ధతులు నేర్చుకొని వెళ్ళడం మేలని తరువాత రాశాడు. 673లో తామ్రలిప్తి రేవులో దిగి, అక్కడ ఒక ఏడాది భాష నేర్చుకొని, నలందా చేరి సుమారు పదేళ్ళు గడిపాడు.

దక్షిణ సముద్ర ద్వీపాల నుంచి ఆయన స్వదేశానికి పంపిన గ్రంథంలో తత్త్వచర్చ తక్కువ. భోజనానికి ఎలా కూర్చుంటారు, చేతులు ఎప్పుడు కడుగుతారు, పళ్ళు తోముకునే పుల్లను ఎలా వాడతారు, నీళ్ళను వడగట్టడం ఎలా, నీటి గడియారంతో వేళలు ఎలా కొలుస్తారు - ఇటువంటివే ఎక్కువ. చీనావారు పుల్లలతో తింటారు, భారతీయులు చేత్తో తింటారు అన్నది కూడా ఆయన దృష్టి దాటలేదు. ఇంత గొప్ప విద్యాపీఠానికి వెళ్ళి పళ్ళపుల్లల గురించి రాశాడేమిటని నవ్వుకొనే పండితులు ఉండవచ్చు. నాకు మాత్రం పరదేశంలో చదువుకున్నవాడు రాయవలసిన గ్రంథం ఇటువంటిదేననిపిస్తుంది. శాస్త్రాన్ని పుస్తకంలో కట్టి తెచ్చుకోవచ్చు. ఇంకొకరి ఇంట్లో నీళ్ళ కుండ దగ్గర ఎలా మసలుకోవాలో పుస్తకంలో రాదు. అక్కడ ఉండి తెలుసుకున్నవాడే చెప్పాలి.

ఆ గ్రంథంలో ఒక చిన్న వివరం మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. కొత్త భిక్షువు ఆరామానికి వచ్చినప్పుడు ఐదు రోజుల పాటు సంఘం అతనికి మంచి భోజనం పెట్టి, ప్రయాణపు బడలిక తీర్చుకోనిస్తుంది. ఆ తరువాత అతనికి అందరితో పాటే. అతడు సద్వర్తనుడైతే, సంఘం ఉండమని కోరి, వయసుకు తగిన పడకసామగ్రి ఇస్తుంది. విద్యావంతుడైతే అతని పేరు సంఘపు పట్టికలో ఎక్కుతుంది. అప్పటి నుంచి పాత నివాసులకూ అతనికీ భేదం లేదు.

ఐదు రోజులు! ఈ అంకెలో ఎంత లోకజ్ఞత ఉన్నది! ఆతిథ్యం ఒక పవిత్ర ధర్మమే. కాని దానికి ముగింపు ఉండాలని ఆ సంఘం గ్రహించింది. ముగింపు లేని ఆతిథ్యం ఇరువర్గాలకూ కీడు చేస్తుంది. అతిథి పాత్ర అలవాటైనవాడి గురించి మన తెలుగువారు చుట్టమై వచ్చి దెయ్యమై పట్టుకున్నట్టు అంటారు. ఇది ఒక పక్క. రెండవ పక్కను మనం అంతగా గమనించము. ఒక మనిషిని ఎప్పటికీ అతిథిగానే ఉంచడం, పట్టికలో పేరు ఎక్కించకుండా పీట వేసి కూర్చోబెట్టడం, మర్యాద రూపంలో ఉన్న వెలి. అతడు వడ్డించరాదు, సర్దరాదు, మాట పట్టింపు ఉన్నా పైకి చెప్పరాదు. పని చెప్పకపోవడం గౌరవమని మనం అనుకుంటాము. పని చెప్పించుకోనివాడు ఇంటివాడు ఎన్నటికీ కాలేడు.

ఇప్పటి కాలానికి, ఇప్పటి ఊరికి వద్దాము. జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ట్యూబింగెన్ చిన్న పట్టణం. దాని విశ్వవిద్యాలయం 1477లో వెలసింది. బోట్లింకుతో కలసి 1855 నుంచి 1875 వరకు సెయింట్ పీటర్స్‌బర్గ్ సంస్కృత నిఘంటువును కూర్చిన రుడాల్ఫ్ రోత్ ఇక్కడి ఆచార్యుడే కనుక మన పండితలోకానికి ఈ పేరు కొత్త కాదు. వేసవి సెమిస్టరు లెక్క ప్రకారం ఏప్రిల్ 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. పాఠాలు ఏప్రిల్ నడుమ నుంచి జూలై చివరి దాకా జరుగుతాయి. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో అక్కడికి ఒక సెమిస్టరుకు వెళ్ళిన విద్యార్థి మొదట చేయవలసిన పని తరగతికి హాజరు కావడం కాదు. ఇంట్లో దిగిన రెండు వారాలలోగా, ఇంటి యజమాని ఇచ్చిన ధ్రువపత్రం పట్టుకొని పురపాలక కార్యాలయానికి వెళ్ళి తన చిరునామా నమోదు చేయించుకోవాలి. దేశం విడిచి వెళ్ళేటప్పుడు ఆ పేరును తిరిగి తీయించుకోవాలి. మన విద్యార్థులలో చాలామందికి ఇది ఒక తలనొప్పి. ఇత్సింగ్ చూసిన పట్టికతో దీనిని పోల్చడం అతిశయోక్తి కావచ్చు; ఇది ప్రభుత్వపు లెక్క, అది సంఘపు ఆదరణ. అయినా ఆరు నెలలకు వచ్చినవాడిని ఊరు తన పుస్తకంలో రాసుకుంటున్నదన్న భావం అందులోనూ లేకపోలేదు.

అసలు పరీక్ష మెట్ల దగ్గర ఎదురవుతుంది. ట్యూబింగెన్ ఉన్న స్వాబియా ప్రాంతంలో కేర్‌వోఖె అనే ఆచారం ఉన్నది. ఊడ్చే వారం అని దాని అర్థం. ఒకే కప్పు కింద నాలుగైదు కుటుంబాలు ఉండే ఇంట్లో, ఉమ్మడి మెట్లు, నడవ, గుమ్మం ముందరి దారి శుభ్రం చేసే వంతు వారానికొకరికి వస్తుంది. వంతు వచ్చినవారి తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. వారం గడిచాక వారు దానిని పక్క తలుపుకు తగిలిస్తారు. ఇటువంటి కట్టడికి మూలాలను స్టుట్‌గార్ట్ నగరానికి పదిహేనో శతాబ్దం చివర కౌంట్ ఎబర్‌హార్ట్ చేసిన శాసనంలో చూపుతారు. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవాడూ ఆయనే. ఒకే చేత్తో విద్యాపీఠాన్నీ చీపురునూ ప్రసాదించిన ప్రభువులు చరిత్రలో అరుదు.

అటువంటి పాత ఇంట్లో గది తీసుకున్న మన విద్యార్థి తలుపుకు ఒక సోమవారం ఆ పలక వేలాడుతుంది. అతనికి ఆ మెట్లు తనవి అనిపించవు. జూలైలో వెళ్ళిపోతాడు. మెట్లు చూడడానికి మురికిగా కూడా లేవు; నిజానికి అవి ఎప్పుడూ మురికిగా ఉండవు, వారం వారం ఊడుస్తారు కనుక. అతడు ఊడవకపోతే ఎవరూ అతన్ని కొట్టరు, తిట్టరు. విదేశీ విద్యార్థి, తెలియదు పాపం అని పక్కింటి పెద్దావిడ తానే ఊడ్చేస్తుంది. ఆ పాపం అన్న మాటతో అతడు మళ్ళీ అతిథి అయిపోతాడు. ఈసారి తన చేతలతో. ఊడిస్తే? మెట్లు నిన్న ఉన్నట్టే ఉంటాయి. కాని రెండో అంతస్తు వారు అతడు చీపురు పట్టుకొని ఉండగా దిగివస్తారు. నమస్కారం చెబుతారు. గాజు సీసాలను ఆదివారం తొట్టిలో వేయవద్దని, చప్పుడుకు ఇరుగుపొరుగు కోప్పడతారని చెబుతారు. అప్పటిదాకా అతనికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. మందలింపు కూడా ఒక అంగీకారమే. అతిథిని ఎవరూ మందలించరు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. ఆరు మాసాల తరువాత తెంచుకోక తప్పని బంధాన్ని కట్టుకోవడం నిజాయితీయేనా? దూరంగా, మర్యాదగా, బాకీ లేకుండా ఉండి రావడమే ఉభయులకూ క్షేమం కదా? అద్దె చెల్లిస్తున్నాడు, బీమా చెల్లిస్తున్నాడు. ఇంకా అతడు ఎవరికి ఋణపడ్డాడు? ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. వీడ్కోలులో రెండు పక్షాలకూ కలిగే బాధ నిజమైనదే. అయితే ఈ వాదం బాధ్యతను బంధానికి వెలగా భావిస్తున్నది. ఎంతకాలపు బంధమో అంత బాధ్యత అని దాని లెక్క. వినయపిటకపు లెక్క వేరు. అక్కడ బాధ్యత వాడకాన్ని బట్టి పుడుతుంది. నీళ్ళు తాగావు, కుండ నింపు. మెట్లు ఎక్కావు, ఊడువు. వెళ్ళే తేదీ ముందే తెలిసి ఉండడం ఈ లెక్కలో దేనినీ తగ్గించదు. అద్దెతో తీరేవి యజమాని బాకీలు. పక్కింటి పెద్దావిడ నడుము వంచినందుకు ఆ అద్దెలో జమ లేదు.

మరొక అడ్డంకి మన కాలానిది. గాంధీజీకి రాజకోట నుంచి ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. నేటి విద్యార్థి చేతిలోని ఫోనులో అమ్మ, స్నేహితులు, తెలుగు సినిమా అన్నీ ఉన్నాయి. జర్మనీకీ మనకూ వేసవిలో మూడున్నర గంటలే తేడా. అతడు సాయంత్రమంతా హైదరాబాదు రాత్రిలో గడపగలడు. ఒకే కళాశాల నుంచి అయిదుగురు కలసి వెళ్ళి, కలసి వండుకొని, కలసి తిరిగివచ్చిన వారు, ఆ ఊరు ఎలా ఉంటుందని అడిగితే రైలు మార్గాలూ సరుకుల ధరలూ చక్కగా చెబుతారు. పొరుగువారి పేర్లు చెప్పలేరు. దీనికి వారిని నిందించాలని లేదు. పరాయిచోట మనవారితో కలసి ఉండడం దోషమైతే చరిత్ర అంతా దోషమే. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన నాగార్జునకొండ శాసనం సింహళ విహారాన్ని పేర్కొంటున్నది. కృష్ణాతీరంలోనే సింహళ భిక్షువుల పేరిట ఒక విహారం వెలసింది. ఇత్సింగ్ కూడా, నలందాకు తూర్పున ఒకప్పుడు శ్రీగుప్తుడనే రాజు చీనా భిక్షువుల కోసం కట్టించిన ఆలయానికి ఇటుక పునాదులే మిగిలాయని విచారించాడు. ఇతర దేశాలవారికి సొంత విహారాలు ఉండగా తమవారు తలదాచుకునే చోటు లేక తిరుగుతున్నారని వాపోయాడు. సొంత గూడు కావాలనుకోవడం సహజం, న్యాయం. దాని తలుపు ఎటువైపు తెరుచుకుంటుందన్నదే చూడాలి. బోధిసిరి సింహళ వనిత అని శాసనం చెప్పదు. పరదేశపు విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం కట్టించిన స్థానికురాలిగానే పండితులు ఆమెను భావిస్తున్నారు. అంటే ఆ తలుపు గుండా ఊరివారు లోపలికి వచ్చారు.

ఇంతవరకు వచ్చినవాడి ధర్మం గురించే మాట్లాడుకున్నాము. వినయపిటకం ఆవాసికునికీ విధులు చెప్పింది: ఎదురువెళ్ళాలి, ఆసనం వేయాలి, కాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి, అన్నింటికన్నా ముఖ్యంగా, అన్నీ చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో రామానుజన్ కథ చెబుతుంది. 1914లో కేంబ్రిడ్జి చేరిన రామానుజన్ రాత్రుళ్ళు చలికి వణికిపోయేవాడు. పైకోటు తొడుక్కొని, శాలువా కప్పుకొని పడుకునేవాడు. అక్కడే చదువుతున్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒకనాడు ఆయన పడకగదిలోకి వెళ్ళి చూశాడు. పరుపు మీద కంబళ్ళు ఉన్నాయి. వాటి అంచులు పరుపు కిందికి మడిచి ఉన్నాయి. వాటిని పైకి తీసి లోపల దూరి పడుకోవాలని రామానుజన్‌కు ఎవరూ చెప్పలేదు. ఆ కళాశాల ఆయనకు గణితంలో ఇచ్చిన గౌరవానికి లోటు లేదు. పడక ఎలా వాడాలో చెప్పినవాడు మాత్రం కలకత్తా నుంచి వచ్చిన మరొక విద్యార్థి. అంతకు ముందు వచ్చిన ఆగంతుకుడే తరువాతి ఆగంతుకునికి ఆవాసికుడయ్యాడు.

ఈ విషయంలో మనం ఇతరులను విమర్శించే స్థితిలో లేము. భారతదేశం కూడా అతిథేయి దేశమే. 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించిన నాటి నుంచి ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు మన ఉపకార వేతనాలతో ఇక్కడికి వస్తున్నారు. వారికి ప్రత్యేక వసతిగృహాలున్నాయి. స్వాతంత్ర్య దినోత్సవం నాడు వారి జాతీయ దుస్తులలో వేదిక ఎక్కించి చప్పట్లు కొడతాము. ఏడాదికొకసారి పీట వేసే మర్యాద ఇది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులలో అద్దెకు గది అడిగిన నల్లని యువకునికి మన వీధులలో దొరికే జవాబు వేరు. 2016 జనవరిలో బెంగళూరులో టాంజానియా విద్యార్థినిపైన, 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులపైన జరిగిన దాడులను ఉన్మాదుల చేష్టలని సరిపెట్టుకోవడం సులభం. ఆ ఉన్మాదానికి ముందు ఎన్నో ఏళ్ళుగా ఆ విద్యార్థుల పేర్లు ఏ వీధి పట్టికలోనూ ఎక్కలేదు. పొరుగింటి పెళ్ళికి వారిని పిలవలేదు. పండుగకు ఇంటి ముందు పందిరి వేస్తూ ఒక చేయి వేయమని అడగలేదు. సాయం అడగడం కూడా ఆదరణే అన్నది మన సంస్థల నిర్వాహకులకు ఇంకా తోచలేదు. ప్రత్యేక వసతిగృహాల బదులు మన పిల్లల గదులలోనే వారికీ గది, మెస్ కమిటీలో వారికీ వంతు ఇస్తే, స్వాగత సభలకయ్యే ఖర్చు కొంత మిగులుతుంది కూడా.

ఇక గమికుని మాట. ఇత్సింగ్ 685లో నలందా విడిచి, శ్రీవిజయకు తిరిగివచ్చి, అక్కడే అనువాదాలు చేస్తూ ఉండిపోయాడు. 689లో కాగితం, సిరా, లేఖకులు కావాలని ఉత్తరం పంపడానికి రేవులో ఓడ ఎక్కితే, గాలి అనుకూలించి ఓడ కదిలిపోయి ఆయనను కాంటన్ చేర్చింది. స్వదేశంలో దిగినవాడు, తాను సేకరించిన గ్రంథాలు శ్రీవిజయలో ఉండిపోయాయని, సహాయకులను వెంటబెట్టుకొని ఆ ఏడే వెనుదిరిగాడు. 695లో గాని ఇల్లు చేరలేదు. పని మిగిలి ఉండగా వెళ్ళిపోవడం ఆయనకు వెళ్ళిపోవడంగా తోచలేదు కాబోలు.

గమికునికి చుల్లవగ్గ చెప్పిన విధులు తక్కువే. కొయ్య సామానూ మట్టి సామానూ సర్దాలి. తలుపులు, కిటికీలు మూయాలి. గదిని ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి. భిక్షువు లేకపోతే సామణేరునికి, అతడూ లేకపోతే ఆరామపు పనివానికి. ఎవరూ లేకపోతే మంచాన్ని నాలుగు రాళ్ళ మీద ఎత్తిపెట్టి, మంచం మీద మంచం, పీట మీద పీట పేర్చి వెళ్ళాలి. గది కురుస్తూ ఉంటే, చేతనైతే, తానే కప్పు వేయాలి. చేతకాకపోతే ఎవరైనా వేసేలా చూడాలి. వచ్చే వానకాలం ఆ కప్పు కింద పడుకునేది ఇంకెవరో.